చూడకుండా రాసిన మందు

మామగారు పోయినప్పుడు నా చేతికి వచ్చినవి పప్పుల కొట్టు, దాంతోపాటు మా అత్త. కొట్టు సంగతి ఎలా ఉన్నా అసలైన పెట్టుబడి అత్తే. బస్తాలో ఊచ గుచ్చి నాలుగు గింజలు బయటికి లాగి చూడనిదే ఏ సరుకునూ గడప దాటనిచ్చేది కాదు.

అలాంటి మనిషికి ఎడమ చనుమొన మీద దురద మొదలైంది. నాకెలా చెబుతుంది, కూతురికి చెప్పింది. చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే విని, ఎగ్జిమా అని పూతమందు రాశాడు. పూస్తే కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ పొక్కు కట్టి రసి కారేది. మళ్లీ వెళితే ట్యూబు మార్చాడు. ఆ తర్వాత సబ్బు మార్చమన్నాడు.

చివరికి జాకెట్టు మీద నెత్తుటి మరక చూసి నా భార్య ఏడ్చింది. అత్త ఏడవలేదు.

"అల్లుడూ, బస్తా విప్పకుండానే సరుకు బాగుందనేవాడి దగ్గర నువ్వు కొంటావా?"

"కొనను."

"మరి నన్నెందుకు వాడి దగ్గరికే తిప్పుతున్నావు? బండి తియ్యి."

పెద్దాసుపత్రిలో సర్జనమ్మ తెర లాగి చూసింది. "ఒకవైపేనా అమ్మా? ఎగ్జిమా అయితే చాలామందికి రెండువైపులా వస్తుంది. ఒకవైపే ఉండి, మందుకు మానకపోతే ముక్క తీసి చూడాల్సిందే," అంది. కందిబద్దంత చర్మం తీసి పరీక్షకు పంపింది. పేజెట్ జబ్బని తేలింది. చనుమొన చర్మం మీద బయటపడే అరుదైన క్యాన్సర్ అది. మామోగ్రామ్ తీస్తే లోపల గడ్డ కూడా కనబడింది. రొమ్ము తీసేశారు.

కట్లు విప్పాక అత్త ఆ చర్మం డాక్టరు దగ్గరికి పదమంది. రిపోర్టు ఆయన బల్ల మీద పెట్టాను.

"అరుదైన జబ్బండీ. అందరికీ తట్టదు," అన్నాడు.

"తట్టక్కర్లేదు. చూస్తే చాలుగా," అన్నాను.

"పెద్దావిడ, మొహమాటపడతారని..."

"మొహమాటం ఎవరికి నాయనా?" అంది అత్త. "ముగ్గురికి పాలిచ్చినదాన్ని. చూపిస్తానని రెండోసారి వచ్చినప్పుడే అన్నాను. వద్దు వద్దంటూ గోడ వైపు తిరిగింది నువ్వు. అంత ఇబ్బందయితే ఇంకో డాక్టరు దగ్గరికి పొమ్మనాల్సింది. సిగ్గు నీది, కోత నాకా?"

ఆయన గంట కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు.

లెక్క చూసుకుంటే రొమ్ము పోయింది, మనిషి దక్కింది. జబ్బు చంకలోకి పాకలేదు. మొదట్లోనే చూసుంటే చనుమొన వరకు కోసి సరిపెట్టేవాళ్లమేమో అంది సర్జనమ్మ. ఆ 'ఏమో' ఎవరి ఖాతాలో రాయాలో నాకు తెలుసు.