కట్టెకు చిప్పెడు వేడినీళ్ళు

నేను ఒక రాగి డేగిసాను. ఇంటికి పెద్ద, పెళ్ళికి చిన్న. అమ్మకానికి అంతకంటే చెడ్డ కొలత ఉండదు. అందుకే శ్రీకాకుళం దగ్గర నన్ను సాగగొట్టిన కంచరి అరుగు మీద చాలాకాలం దుమ్ము కొట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ చెంబులు కొన్నారు, బిందెలు కొన్నారు, నన్ను మాత్రం ఎత్తి చూసి దింపారు.

నాలో వ్యాపారాన్ని చూసింది తవిటమ్మ ఒక్కతే. కొత్తగా పెళ్ళయిన పిల్ల. మొగుడు కూర్మయ్యతో మలయా రబ్బరు తోటలకు ఓడెక్కబోతోంది. నన్ను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది ఇంటి గిన్ని కాదు మావా, కొట్టు గిన్ని" అంది.

మలయాలో కూర్మయ్య చెట్లకు గాటుపెట్టి రబ్బరు పాలు పట్టేవాడు. తవిటమ్మ కూలీల ఇళ్ళ వరస చివర పొయ్యి పెట్టి, పాలు తక్కువ, నీళ్ళు ఎక్కువ పోసి నాలో టీ కాచేది. నీళ్ళు తెర్లకముందే నన్ను దింపేసేది. ఎవరైనా అడిగితే, "ఏడిగుంటే సాల్దా? కుతకుతలాడితే నీ నోరే కాల్తాది, నా కట్టే కాల్తాది" అనేది. నిజమే. ఆ రోజుల్లో ఆమెకు గిట్టుబాటు మిగిల్చింది పాలూ కాదు, పంచదారా కాదు, ఆ మిగిలిన కట్టెలే.

తరువాత యుద్ధం వచ్చింది. తోటదొరలు రాత్రికి రాత్రి సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. జపాను సైన్యం సైకిళ్ళ మీద దిగింది. రబ్బరు కొనేవాడు లేడు, బియ్యం అమ్మేవాడు లేడు. కర్రపెండలం ఉడికించడం తప్ప నాకు పని లేకపోయింది. అప్పుడు మన తెలుగు కూలీలకు పెద్దగా ఉండే అసిరయ్య మేస్త్రీ ఒక వార్త తెచ్చాడు. సయాం అడవిలో రైలు రోడ్డు వేస్తున్నారట. కొన్నాళ్ళ పనేనట. బియ్యం, మందులు, తిరుగు ప్రయాణం అన్నీ వాళ్ళవేనట.

తవిటమ్మ అడిగింది. "ఎనక్కొచ్చీ రైలు ఎవులు నడుపుతారు, మేస్త్రీ బావూ?"

"ఆలే నడుపుతారంటమ్మా."

"'అంట' అన్న సరుకు నాను కొనను."

కొనకపోయినా అంటగట్టారు. బేరమంటే కాదనే వీలుండాలి. మర్నాడు లారీలు వచ్చాయి. తుపాకుల చివర కత్తులున్న సైనికులు వరస ఇళ్ళన్నీ ఖాళీ చేయించారు. అసిరయ్యనూ ఎక్కించారు. ఆ ముసలివాడి మొహంలో నెత్తురు లేదు. తను చెప్పిన మాట నమ్మి సంచులు ముందే సర్దుకున్నవాళ్ళు కొందరు ఆ లారీలోనే ఉన్నారు మరి.

"ఒలే, ఆ బరువెందుకే?" అన్నాడు కూర్మయ్య నన్ను చూసి.

"బియ్యం ఆలిత్తారు. వండీది దేన్లో, నీ తలపాగాలోనా?"

రైలు పెట్టెల్లో కుక్కి తీసుకెళ్ళారు. పట్టాలు అయిపోయిన చోట దింపి బురదలో నడిపించారు. వానలో కూర్మయ్య నన్ను నెత్తిమీద బోర్లించుకుని నడిచాడు. కావలివాళ్ళు కొట్టిన వెదురు దెబ్బల్లో కొన్ని నాకు తగిలాయి. గంటలా మోగాను. వెనక నడిచేవాళ్ళలో ఎవరో నవ్వారు కూడా. ఆ దారిలో నేను విన్న ఆఖరి నవ్వు అదే.

ఆ శిబిరానికి కంచె లేదు. అడవే కంచె. ఏటి ఒడ్డున వెదురు పాకలు, పైన సగం కప్పు. పనికి పోనివాడికి సగం బియ్యమే. సగం తిన్న రోగి కోలుకోడు, కోలుకోనివాడు పనికి రాడు, కొన్నాళ్ళకు ఆ సగం కూడా మిగిలిపోతుంది. ఏ కోమటీ, ఏ మార్వాడీ ఇటువంటి లెక్క వేయడం నేను చూడలేదు. డబ్బు పెట్టి కొన్న ఎద్దును ఎవడూ అలా మేపడు. ఇక్కడ మనుషులు ఊరికే వచ్చారు, అయిపోతే మళ్ళీ లారీల్లో వస్తున్నారు. అదే ఆ లెక్కలోని రహస్యం.

ఎగువన యుద్ధంలో పట్టుబడ్డ తెల్ల ఖైదీల శిబిరం ఉండేది. ఒకరోజు వాళ్ళలో ఒకడు, ఎముకల గూడులాంటివాడు, గోచీతో వెదుళ్ళు మోస్తూ ఏటి దగ్గర ఆగాడు. మనవాళ్ళు దోసిళ్ళతో నీళ్ళు తాగుతున్నారు. వాడు వెదుళ్ళు పడేసి, వద్దు వద్దని చేతులూపి, కింద నిప్పు రాజేసినట్టూ, పైన నీళ్ళు తెర్లినట్టూ వేళ్ళు ఆడించి చూపించాడు. ఆ తరువాత కడుపు పట్టుకుని కళ్ళు తేలేసి చూపించాడు. కావలివాడు వాడి వీపు పగలగొట్టాడు.

"దొరలు కూడా కూలోలైపోనారు" అన్నాడు కూర్మయ్య.

తవిటమ్మ ఆ మాట వినలేదు. ఆ వేళ్ళనే చూస్తోంది. దెబ్బలు తప్పవని తెలిసి కూడా ఊరికే ఎవడైనా అంత మాట చెబుతాడా? సరుకు మంచిదే అయివుండాలి.

ఆ రోజునుంచి నేను పొయ్యి దిగలేదు. వానాకాలం, కట్టెలన్నీ తడి. మనిషి పని ముగించి పాకకు చేరేసరికి వేలు కదిపే ఓపిక ఉండదు, ఇక కట్టెలెవరు తెస్తారు? తవిటమ్మ బేరం పెట్టింది. కట్టెకు కొబ్బరిచిప్పెడు వేడినీళ్ళు. కట్టె లేనివాడికి చుక్క లేదు.

"సచ్చీవోడి దగ్గర కూడా యాపారమేనేటే?" అని తిట్టారు.

"ఊరికే పోత్తే రేపటికి పొయ్యి ఆరిపోతాది. అప్పుడు నన్ను తిట్టడానికైనా ఎవులూ మిగల్రు."

తిడుతూనే తెచ్చారు. రోగి కట్టెను పక్కవాడు తెచ్చాడు. కలరా పైనుంచి ఒక్కో పాకా ఊడ్చుకుంటూ దిగుతోంది. మన వరసకు వచ్చి తడబడింది. నాలో నీళ్ళు కుతకుతమంటుంటే, ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని నాకే భయంగా ఉండేది. నా కళాయి అప్పటికే చెదిరిపోయింది. తగరం తవ్వి ఊళ్ళకు ఊళ్ళు బతికే దేశం అది. నాకు పూసే పిడికెడు తగరం లేదు.

కూర్మయ్య రాళ్ళు కొట్టే చోట పడ్డాడు. ముందురోజు పాకనుంచి తీసుకెళ్ళిన వెదురుగొట్టంలో కాచిన నీళ్ళను కావలివాడు పారబోస్తే, దాహం ఆగక గుంటలో నీళ్ళు తాగాడు. మధ్యాహ్నానికి పాకకు మోసుకొచ్చారు, సాయంత్రానికి అయిపోయాడు. తవిటమ్మ అతని పెదాలు నీళ్ళతో తడుపుతూనే పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. ఏడవలేదు. ఏడిస్తే మంట ఎవరు చూస్తారు?

చనిపోయినవాళ్ళను కావలివాళ్ళు గోతిలోకి లాగించేవాళ్ళు. అసిరయ్య వచ్చి నిలబడ్డాడు.

"కూర్మిగాడికి తానం సేయించాల. కుక్కని ఈడిసినట్టు ఈడవనివ్వను. ఆ డేగిసా ఇలాతే."

"తే అంటే తెచ్చీడానికి అదేటి ఒట్టి గిన్నా? పీనుగు తానం సేయించిన గిన్ని మళ్ళీ పొయ్యెక్కదు. నువ్వే ఎక్కనివ్వవు. ఈలందరూ తాగీ నీళ్ళేటవుతాయి, బావూ?"

"మొగుడికంటే డేగిసా ఎక్కువైపోనాదేటే నీకు?"

ఆమె వెదురుగొట్టంలో కాస్త వేడినీళ్ళు పట్టి కూర్మయ్య మొహం కడిగింది. ఆ గొట్టాన్ని మంటలో వేసింది. మంటకు కట్టెలు చాలకపోతే అడవి అంచుకు వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే అసిరయ్య నన్ను దింపాడు. నాలోని వేడినీళ్ళను నేలపాలు చేశాడు. నన్ను మోసుకెళ్ళి ఏటిలో ముంచి, స్నేహితుడి తలమీంచి నిండుగా పోశాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ పోశాడు. చేతులతో ఒళ్ళంతా రుద్దాడు. "నిన్ను నానే తెచ్చినానురా, నాకు సెప్పకుండానే ఎల్లిపోనావేటిరా" అని ఏడ్చాడు. ఆ ముసలివాడి మనసులో మోసం లేదు. మన ఊళ్ళో అయితే అందరూ మెచ్చుకునే పనే చేశాడు. తరువాత నన్ను ఆచారం ప్రకారం పాక వెనక బోర్లించి, వరసంతటికీ చెప్పాడు. "అది మైలైపోనాది. పొయ్యెక్కించకండి."

తవిటమ్మ వచ్చేసరికి పొయ్యి చల్లారింది. ఆమె నన్ను చూసింది, తడిసిన మొగుణ్ణి చూసింది. బూడిదతో, ఇసకతో నన్ను తోమింది. అరచేతులు చీరుకుపోయేలా తోమింది. నీళ్ళు నింపి మళ్ళీ మంట పెట్టింది. తెర్లాయి.

ఎవరూ కట్టె తేలేదు.

ఆమే చిప్పెడు తాగి చూపించింది. ముండమోసింది తాగితే ఎవరికి నమ్మకం? మొహాలు తిప్పుకున్నారు. చీకటిపడేలోగా ఒకడు ఏటి వైపు వెళ్ళాడు, వాడి వెనక ఇద్దరు. నాలో నీళ్ళు తెర్లి తెర్లి తరిగిపోతున్నాయి. కొనేవాడు లేని కొట్టు ముందు కూర్చున్నంత దిగులు నేను ఎన్నడూ పడలేదు, ఎందుకంటే ఇక్కడ అమ్ముడుపోనిది ప్రాణం.

మర్నాడు అసిరయ్య పడ్డాడు. ఏటినీళ్ళలో శవాన్ని రుద్దిన చేతులు మరి. పాకలో అందరి మధ్యా పడుకుని ఉన్నాడు, కళ్ళు లోతుకు పోయాయి. తవిటమ్మ చిప్పతో వెళ్ళి అతని ఎదురుగా కూర్చుంది. అందరూ చూస్తున్నారు.

"కట్టె ఏదీ, బావూ?" అంది.

"ఓలమ్మా, దీని మనసు రాయే!" అని ఒకామె నోరు నొక్కుకుంది.

అసిరయ్య ఆమెకేసి చూశాడు. అర్థమైంది. పక్కకు ఒత్తిగిలి, తన ఒంటి కిందున్న తడికెలోంచి ఒక వెదురుబద్ద పట్టి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. ఊడివచ్చింది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, లేవలేక లేచి కూర్చున్నాడు.

"ఆ డేగిసాలోయేనా?"

"ఆ డేగిసాలోయే."

"అందరూ సూడండి. మైలని సెప్పినోణ్ణి నానే, తాగీవోణ్ణీ నానే. పాపముంటే నాకంటుకోనీ. మీరు తాగీండి."

చిప్ప రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు. బతుకుతానని తాగలేదు. మిగతావాళ్ళు చూడాలని తాగాడు. ఆ పొద్దు వాలకముందే పోయాడు. తవిటమ్మ ఆ వెదురుబద్దను నా కింద పెట్టింది. కాసేపటికి ఎవరో తడిసిన కొమ్మ ఒకటి తెచ్చి పొయ్యి పక్కన పడేశారు. తరువాత ఇంకొకరు.

అందరూ బతికారని చెప్పను, అది దొంగ లెక్క. పక్క పాకల్లో కంటే మన పాకలో ఎక్కువమంది మిగిలారు. యుద్ధం ముగిశాక తవిటమ్మ నన్ను నెత్తిన పెట్టుకుని, ఆ వరసలోనే తల్లిని పోగొట్టుకున్న చిలకమ్మ అనే పసిదాన్ని చంకనెత్తుకుని మలయాకు తిరిగొచ్చింది. మళ్ళీ టీ కొట్టు పెట్టింది. నీళ్ళు కుతకుతలాడనిదే ఇక ఎన్నడూ నన్ను దింపలేదు.

ఏళ్ళు గడిచాయి. నిన్న తవిటమ్మ పోయింది. మంచం మీదున్నప్పుడే, పెంచిన కూతురు చిలకమ్మకు చెప్పింది. "నాకు దీంతోనే నీళ్ళు పొయ్యి. తరవాత పొయ్యెక్కించి, వచ్చినోలందరికీ టీ ఇయ్యి. కొత్తది కొనకు."

ఈ ఉదయం ఆమెకు స్నానం చేయించారు. పనయ్యాక ఒక పెద్దాయన నన్ను పెరట్లో బోర్లించాడు. "పాత సామాన్లోడికి ఇచ్చీండి" అన్నాడు. ఇంట్లో వాదన జరుగుతోంది. నాకు వినిపిస్తూనే ఉంది.

"ఒసే, పీనుగు నీళ్ళు పోసిన గిన్నిలో టీ కాత్తే ఎవులు తాగుతారే?"

చిలకమ్మ పెరట్లోకి వచ్చి, నన్ను తిరగేసి, బూడిదతో తోమి నీళ్ళు నింపింది. పొయ్యి వెలిగించింది. నా అడుగు వేడెక్కుతోంది. లోపల చాపల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరూ ఇంకా లేవలేదు.

"తెర్లనీండి" అంది చిలకమ్మ. "ముందు నాను తాగుతాను."