ఆమేన్ తర్వాత మాట

పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి లిఫ్టులోకి వెళ్తే మళ్లీ సాయంత్రం ఐదుకే ఆమె బయటపడేది. కిటికీ లేదు. ఇనుప జాలీ తలుపు, ఒక స్టూలు, పైకీ కిందికీ తిప్పే ఇత్తడి పిడి. బయట వాన పడుతోందని ఎక్కేవాళ్ల తడి గొడుగులే చెప్పాలి. ఆమె పిడి తిప్పితేనే కదిలే పాత లిఫ్టు. ఆరుగురిని మోస్తుంది. మించితే గంట కొట్టి మొరాయిస్తుంది.

ఆమె దిగులుకి బరువుండేది. ఒక్కోరోజు తనొక్కతే ఉన్నా గంట మోగేది.

"ఇవాళ ఎంతమంది బరువున్నావమ్మాయ్?" అనేవాడు కాంపౌండరు.

"నలుగురంత. ఇంకో ఇద్దరికి చోటుందన్నయ్యా."

మిగతావాళ్లు మెట్లెక్కేవాళ్లు.

రోజుకు మూడుసార్లు, రద్దీ లేనప్పుడు, అంతస్తుల మధ్య లిఫ్టు ఆపి మోకరించేది. ఒకసారి ముసలి ఆయా లోపలే ఉండి వింది.

"...ఆమేన్. కానీ ప్రభువా, ప్రెస్సులో మా ఆయన చెయ్యి మెషీన్లో పడితే? కానీ అత్తయ్య నన్ను..."

"ఇదేం చోద్యమే! దించిన మూట దించినట్టే మళ్లీ నెత్తికెత్తుకుంటున్నావు. ఆమేన్ అన్నాక ఈ 'కానీ' ఏంటి?"

"నోటికి అదే వచ్చేస్తోంది పిన్నీ."

"వస్తే రానీ. అక్కడితో ఆగు. మేస్త్రీ 'ఊఁ, కానీ' అంటాడే, పని జరగనిమ్మని? అలా అను."

ఆగడమే కష్టమైంది. అయినా మూడుపూటలా మానలేదు. మూడు నెలలకు ఆమెలోని నలుగురు కాస్తా ఇద్దరయ్యారు.

ఆ మధ్యాహ్నం స్ట్రెచరు మీద వచ్చింది ఆమె మొగుడే. అపెండిక్స్ పగిలింది, ఆపరేషన్ గది ఐదో అంతస్తులో. మెట్ల మలుపులో స్ట్రెచరు తిరగదు. లోపలికి తోశారో లేదో గంట మోగింది. కాంపౌండరు దిగాడు. అయినా గంట ఆగలేదు.

"నేను దిగితే?"

"నువ్వు దిగితే దీన్నెవరమ్మా తిప్పేది?"

మొగుడు పళ్లు బిగించి నవ్వాడు. "ఒసేయ్, ఇది నా బరువు కాదు. సన్నగా ఉన్నాననే కదా నన్ను చేసుకున్నావ్!"

గోడలు దగ్గరికి జరిగినట్టయింది. ఆ వేళకు రోజూ వంగే మోకాళ్లు వాటంతటవే వంగాయి.

"తండ్రీ, ఈయన్ని నీ చేతుల్లో పెడుతున్నా. ఆమేన్." నోటికి మళ్లీ అదే వచ్చేసింది. "కానీ..."

ఆయన లేవకపోతే? నేనొక్కదాన్నే మిగిలితే? పళ్ల వెనక ప్రశ్నలు తోసుకుంటున్నాయి. ఆమె కళ్లు తుడుచుకుంది. ఈసారి మెల్లగా, పని అప్పగించినట్టు అంది:

"ఊఁ. కానీ, తండ్రీ."

గంట ఆగింది. లిఫ్టు దూదిలా లేచింది.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, "ఇంకో పావుగంట ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు," అన్నాడు.

ఇప్పుడు మాత్రం మీ చేతుల్లో ఉందా అని అడగబోయి, నవ్వి ఊరుకుంది. లోపలికెళ్లి దుప్పటి కింద ఆయన అరికాళ్లు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి.