స్ట్రాబెర్రీ మత్తు

కేకుల మాస్టరు కూతురికి కేకు నిషేధం. ఆరేళ్ల పిల్లకు మూర్ఛలు ఏ మందుకూ లొంగకపోతే, డాక్టర్లు అన్నం, రొట్టె, చక్కెర మాన్పించి వెన్న, మీగడ, గుడ్లతో కొత్త పథ్యం మొదలుపెట్టారు. మూర్ఛలు తోక ముడిచాయి. కాస్త చక్కెర లోపలికి పోయినా మళ్లీ రావచ్చని చెప్పారు. అప్పటినుంచి ఆయన బేకరీ నుంచి రాగానే ఒళ్లు రుద్దుకుని స్నానం చేస్తే తప్ప పిల్లను ముట్టుకోడు.

ఇంతలో పిల్లకు పన్ను కింద చీము పట్టింది. మత్తిచ్చి తీయాలన్నారు. ఆసుపత్రిలో మాస్టరు కాపలా చూసి తీరాల్సిందే!

"ముందు ఏదో సిరప్ పోస్తారటగా? తియ్యగా ఉంటుందా?"

"సిరప్ ఇవ్వట్లేదండీ," అంది మత్తు డాక్టరమ్మ.

"మరి సెలైన్‌లో గ్లూకోజు?"

"ఒట్టి ఉప్పునీళ్లే. మధ్యమధ్యలో రక్తం కూడా చూస్తాం. చక్కెర మరీ పడిపోకూడదు, ఈ పథ్యంలో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు హద్దు దాటకూడదు."

"నా కళ్లతో చూస్తేగానీ నాకు నమ్మకం కుదరదు."

"సరే రండి. పిల్ల నిద్రపోయేదాకా పక్కనే ఉండండి."

పొట్ట దగ్గర ముడిపడని ఆకుపచ్చ గౌనులో ఆయన లోపలికి నడిచాడు. డాక్టరమ్మ పిల్లకు పెట్టే మత్తు మాస్కు బయటికి తీయగానే గుప్పున స్ట్రాబెర్రీ వాసన కొట్టింది.

"ఆపండి! ఇది తీపి!"

"వాసనేనండీ బాబూ! ఇందులో చక్కెర లేదు."

పిల్ల ఈలోగా మాస్కులో ముక్కు దూర్చేసింది. "నాన్నా, నీ వాసనే! స్నానం చేయకముందు నువ్వు ఇలాగే ఉంటావు!"

మాస్టరు పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల ఆ వాసనను ఆబగా పీల్చి కళ్లు మూసింది. చెయ్యి మెత్తగా వాలిపోయింది. ఆ వెంటనే నాన్న కూడా వాలాడు, దబ్బుమని.

బయట బెంచీ మీద కళ్లు తెరిచేసరికి నర్సు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దున ఏమన్నా తిన్నారా?"

"పిల్ల కడుపు మాడ్చుకుంటే నాకు ముద్దెలా దిగుతుందమ్మా?"

"అయితే ఈ గ్లూకోజు తాగండి. మీకే, పిల్లకు కాదు."

ఆయన దొంగలా అటూ ఇటూ చూసి గటగటా తాగేశాడు.

పన్ను ఊడివచ్చింది. రక్తపరీక్షలన్నీ సరిగ్గా ఉన్నాయి, మూర్ఛ జాడే లేదు. మెలకువ వచ్చిన పిల్ల నాన్న నుదుటి మీద బొప్పి చూసి కంగారుపడింది.

"నాన్నా, నీక్కూడా పన్ను తీశారా?"

"లేదు తల్లీ, నాకు గాలి తీశారు."

డాక్టరమ్మ నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగింది.