పవిత్ర ఆదివారం

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళున్న వీధిలో ఎవరినడిగినా పవిత్రను చూపిస్తారు. గంగాధర అంగడి మేడ మీద ఒక గది ఉంది. అక్కడ రెండు పెద్ద దీపాల నడుమ, స్టాండుకు బిగించిన ఫోన్ ముందు నిలబడి, చీర మడత విప్పి, అంచును చేతి మీద పరిచి పవిత్ర లైవ్ మొదలుపెట్టిందంటే బెంగళూరు నుంచి బళ్ళారి దాకా ఆడవాళ్ళు చేతిలో పని పక్కన పెట్టి చూస్తారు. అబద్ధం చెప్పదని ఆమెకు పేరు. ఎక్కడైనా పోగు లేచి ఉంటే లేచిందనే చెబుతుంది, అక్కడ వేలు పెట్టి మరీ చూపిస్తుంది. ఆ చీర నేసింది ఎవరో పేరు పెట్టి చెప్పే అలవాటు కూడా ఆ వీధికి ఆమె తెచ్చిందే. తమ పేరు లైవ్‌లో వినబడిందని చెప్పుకుని మురిసిపోయే నేతగాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు.

ఆమె ఉండేది పెనుకొండలో. భర్త రమణకు హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో పని. పొద్దున్నే అతను అటు బస్సెక్కితే, ఆమె ఇటు ధర్మవరం రైలెక్కుతుంది. తల్లి పోయాక, రెండు వీధుల అవతల తండ్రి ఉలిగప్ప ఒక్కడే ఉంటాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనాడు. బాప్తిస్మమప్పుడు ఇంకో పేరు పెట్టారు గానీ ఊరు మాత్రం పాత పేరుతోనే పిలుస్తుంది. పెనుకొండలోని చిన్న చర్చికి ఆయనే పెద్ద.

లైవ్ ముగిసినా పవిత్ర పని ముగియదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఈ రంగులో ఉందా, ఆ అంచులో ఉందా, నిన్న చూపించింది అమ్ముడుపోయిందా అంటూ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. రైల్లో జవాబిస్తుంది. పొయ్యి మీద సంగటి కెలుకుతూ ఎడమ చేత్తో జవాబిస్తుంది. రమణ ఏదైనా చెబుతుంటే తల ఊపుతుంది కానీ, తర్వాత అడిగితే అతనేం చెప్పాడో ఆమెకు తెలియదు. మొదట్లో అది గొప్పగానే అనిపించింది. ఇంతమందికి తాను కావాలి మరి.

ఒక ఆదివారం హిందూపురం నుంచి పాస్టరుగారు వచ్చి, రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచే ప్రభువు బల్ల జరిపించారు. ఆరాధన ముగిసి ఇంటికి నడుస్తుంటే దారిలో పవిత్ర ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇదో, నేను బల్లలో పాలుపంచుకున్నానా?" అని రమణను అడిగింది.

"అదేం ప్రశ్న? రొట్టె పళ్ళెం నీ కాడికొచ్చింది, తీసుకున్నావు. గిన్నె తాగినావు. నేను సూస్తానే ఉండా కదా."

పవిత్రకు ఏమీ గుర్తు రాలేదు. రొట్టె ముట్టుకున్నట్టు గానీ, ద్రాక్షరసం గొంతు దిగినట్టు గానీ గుర్తు లేదు. పాటల పుస్తకం కింద ఫోన్ పెట్టుకుని ఎవరికో నెమలికంఠం రంగు చీర గురించి జవాబు రాయడం మాత్రం స్పష్టంగా గుర్తుంది. చిన్నప్పటి నుంచి ఆ బల్ల అంటే ఆమెకు భయభక్తులు. ముందురోజే మనసు సిద్ధం చేసుకునేది. అలాంటిది, తన చేయి తీసుకుంది, నోరు తిన్నది, తాను మాత్రం అక్కడ లేదు. ఎండలో నడుస్తున్నా ఒళ్ళు చల్లబడింది.

తర్వాతి ఆదివారం ఫోన్ బీరువాలో పెట్టి చర్చికి పోయింది. కూర్చున్న కాసేపటికే చేయి తనంతట తానే సంచిలోకి పోయింది. లేని ఫోన్ ఒడిలో అదిరినట్టయింది. కళ్ళు మూసుకుంటే చీరల కొంగులు కదిలాయి. తలనొప్పి అని పక్కావిడకు చెప్పి ప్రార్థన మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేసింది. బీరువా తెరిచి ఫోన్ తీసుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం తండ్రి ఇంటికి పోయింది. ఉలిగప్ప వాకిట్లో కుర్చీ వేసుకుని వక్కలు కత్తిరించుకుంటున్నాడు.

"నాయనా, నాకు ప్రార్థన రావడంలే," అంది.

"రాకపోయేదేంది? చిన్నప్పుడు నాకంటే గట్టిగా చేస్తాంటివే."

"కళ్ళు మూస్తే చీరలే కనపడతాండాయి. ఫోన్ ఈడ లేకపోయినా చేతిలో అదురుతానే ఉంటాది."

ఉలిగప్ప నవ్వలేదు, కోప్పడలేదు. అడకత్తెర పక్కన పెట్టాడు.

"దినానికి ఎంతమందికి సమాధానం చెప్తాండావు?"

"లెక్కే లేదు నాయనా."

"ఊరందరికీ సమాధానం చెప్తాండావు. నీ మనసుకు సమాధానం లేకుండా పోయింది. అంతేనా?"

పవిత్ర తల వంచుకుంది. ఉలిగప్ప కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"నాకూ ఇట్లే అయ్యింది మ్మా. రిటైరైనాక మీరు ఫోన్ కొనిస్తిరి కదా. అన్నీ దేవుని వాక్యం వీడియోలే, చెడ్డవేం కాదు. ఒకటి అయిపోతే ఇంకొకటి. సూసేదే ప్రార్థన అనుకుంటి. 'నువ్వు ప్రార్థనకు మోకాళ్ళేసి ఎన్నాళ్ళయిందప్పా' అని మీ అమ్మ అడిగేదాకా నాకు తెలీనేలేదు."

"మళ్ళ ఏం చేసినావు?"

"ఊరికే కూచుంటి. ఏమీ రాలే. మళ్ళ పొద్దున గూడా కూచుంటి. దేవుడేమన్నా రైలా, టయానికి రాలేదని లేసి పోయేదానికి? పొద్దున చర్చి ఊడ్చేకి పోతాను కదా, నువ్వు గూడా రా. ఇద్దరం కూచుందాం."

అలా మొదలైంది. రైలుకు ముందు పవిత్ర చర్చికి పోయేది. తండ్రి తలుపులు తెరిస్తే ఆమె చీపురు అందుకునేది. చాపలు దులిపి పరిచాక ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఉలిగప్ప ఒక వాక్యం చదివి ఊరుకునేవాడు. అంతే, బోధన ఏమీ ఉండేది కాదు. మొదట్లో ఆమెకు అది పెద్ద శిక్ష. కాళ్ళు తిమ్మిరెక్కేవి. ఎవరెవరు మెసేజ్ పెట్టి ఉంటారోనని గుండె పీకేది. కొన్నిసార్లు కోపంతో లేచి వెళ్ళిపోయింది కూడా. తండ్రి ఎందుకని అడగలేదు. మరుసటి రోజు మళ్ళీ తలుపు తెరిచి చీపురు ఆమె చేతికిచ్చాడు.

ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. ఒక పొద్దున అలా కూర్చుని ఉండగా బళ్ళారి నుంచి ఒకావిడ పెట్టిన మెసేజ్ మనసులోకొచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే కూతురికి మెత్తటి చీర కావాలని అడిగింది ఆవిడ. పవిత్ర అప్పట్లో చీర ఫోటో పంపి ఊరుకుంది. కూతురికి ఏమైందని కూడా అడగలేదు. ఇప్పుడు ఆ కూతురి కోసం ఆమె పెదవులు కదిలాయి. "ప్రభువా, ఆ బిడ్డను సూడు" అని మాత్రమే అంది. ఆ ఒక్క మాటతో ఎన్నాళ్ళుగానో బిగుసుకుపోయిన లోపలి ముడి ఏదో వదులైంది. వీధిలో పాలబండి పోయిన చప్పుడు, పైకప్పు మీద పిచ్చుకల అలికిడి, పక్కన తండ్రి ఊపిరి, అన్నీ ఒక్కసారిగా వినబడ్డాయి. ఆ రోజు రైలెక్కి ఫోన్ తీయకుండా ధర్మవరం దాకా కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ పోయింది.

శ్రావణమాసం దగ్గర పడింది. చీరల అంగళ్ళకు అదే పెద్ద పండుగ. గంగాధర ఆమెను పిలిచి చెప్పాడు.

"పవిత్రమ్మా, ఇంకమీద ఆదివారం పొద్దున గూడా లైవ్ పెడదాం. ఆడోళ్ళందరూ ఇండ్లల్లో ఉంటారు. పక్కంగడోళ్ళు అప్పుడే మొదలుపెట్టినారు."

"ఆదివారం పొద్దున చర్చి ఉంటాదన్నా. నేను రాలేను."

"సాయంత్రం పో. సాయంత్రం దేవుడుండడా?"

"దేవుడుంటాడన్నా. పొద్దున లైవ్ చేసొస్తే ఆడ నేనే ఉండను."

గంగాధర పెద్దగా నవ్వి, "సూద్దాంలే" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. కాకపోతే సీజన్ వచ్చిందంటే అతని చెవికి 'కాదు' అన్న మాట ఎక్కదు. పవిత్ర మాత్రం ఊరుకోలేదు. అంగడిలో చీరలు మడిచే రాధికకు లైవ్ చేయాలని ఎప్పటి నుంచో ఆశ. ఆ వారమంతా పవిత్ర ఆమెను పక్కన నిలబెట్టుకుని చీర ఎలా పట్టుకోవాలో, ఎక్కడ చూస్తూ మాట్లాడాలో నేర్పింది.

శనివారం లైవ్ జరుగుతుండగా ఒక మెసేజ్ తెర మీదికి వచ్చింది. 'అక్కా, రేపు తొమ్మిదికి మీ లైవ్ అని పోస్టర్ చూశాం. కొత్త చీరలేనా?' పవిత్ర నివ్వెరపోయింది. తనను అడక్కుండానే తన ఫోటోతో గంగాధర అందరికీ పోస్టర్ పంపించేశాడు. చేతిలో చీర అలాగే ఉంది, తెర మీద పేర్లు పరిగెడుతూనే ఉన్నాయి.

"రేపు లైవ్ ఉంటుందమ్మా," అంది నెమ్మదిగా. "మా రాధిక చేస్తుంది. నేను ఉండను. ఆదివారం నేను చర్చిలో ఉంటా, ఫోన్ ఇంట్లో ఉంటాది. వారమంతా మీకు జవాబిచ్చేదాన్ని, ఆ ఒక్క దినం నా దేవుని కాడ ఊరికే కూచుంటా. మీరు ఏం అడిగినా సోమవారం చెప్తా. ఏమనుకోవద్దండి."

అని చెప్పి తర్వాతి చీర విప్పింది.

లైవ్ ముగిసేసరికి గంగాధర మెట్లెక్కి వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"అందరి ముందర నా పరువు తీస్తివి కదమ్మా!"

"వాళ్ళు నన్నడిగినారన్నా. ఆ ఫోన్ ముందర నేను ఎప్పుడన్నా అబద్ధం చెప్పినానా? దీనికి మాత్రం ఎట్ల చెప్తా?"

"రేపు రాధిక బాగా చేసిందనుకో, నువ్వు ఈ మేడెక్కే పనుండదు మళ్ళ."

"సరేనన్నా," అంది పవిత్ర.

మెట్లు దిగి స్టేషన్‌కు నడిచేటప్పుడు ఆమె తల వంగలేదు. తన పేరు మీద ఇంతమంది చీరలు కొన్నారు, ఆ పేరును ఇవాళ తాను నిలబెట్టుకుంది. ఇంటికొచ్చి రమణకు జరిగిందంతా చెప్పింది. అతను లేచి బీరువా తెరిచి, "నీదొక్కటే ఎందుకు, నాది గూడా పెట్టు. నేనేం తక్కువ సూస్తాండానా?" అని తన ఫోన్ కూడా ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు పాస్టరుగారు వచ్చే ఆదివారం. పవిత్ర ముందు వరుసలో చాప మీద కూర్చుంది. చేయి అలవాటుగా ఒకసారి సంచి వైపు కదిలింది. ఆమె దాన్ని వెనక్కి తెచ్చి ఒడిలో పెట్టుకుంది. పాట మొదలైంది. ముసలివాళ్ళ గొంతులు ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోతుంటే, అన్నింటినీ కలుపుతూ ఉలిగప్ప గొంతు బొంగురుగా వినిపించింది. రొట్టె పళ్ళెం వచ్చింది. తీసుకుంది. అది కొంచెం గట్టిగా, ఉప్పు లేకుండా ఉంది. నమలడానికి సమయం పట్టింది. ఆ సమయమంతా ఆమె అక్కడే ఉంది. గిన్నెలో ద్రాక్షరసం తియ్యగా, చివర్లో కొంచెం వగరుగా తగిలింది. రేపు పని ఉంటుందో ఉండదో తెలియదు. ఆ తెలియకపోవడం కూడా ఆమెను కదిలించలేదు.

ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర ఉలిగప్ప పాస్టరుగారితో మాట్లాడుతుండగా పవిత్ర చెవిన పడింది.

"లైవ్‌లో వేలమంది ముందర ఆదివారం నా దేవునిదని చెప్పింది అయ్యగారూ, నా కూతురు. నేను ఇరవై మంది ముందర సాక్ష్యం చెప్పేకే తడబడతా."

ఆయన ఎన్నడూ ఆమెను ముఖం ముందు పొగిడినవాడు కాదు. ఆమె విన్నదని తెలిసి గబగబా చెప్పులు వెతుక్కున్నాడు.

సోమవారం అంగడికి పోతే రాధిక ఎదురొచ్చింది. చీర ఒకసారి చేజారిందట, ఒక రంగు పేరు తప్పు చెప్పిందట, అయినా బాగానే జరిగిందట. కొందరు పవిత్ర మాటకు నొచ్చుకుని అంగడి వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. కొందరు ఆమెకు దండం పెట్టిన బొమ్మలు పంపారు. గంగాధర రెండు మూడు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ శ్రావణంలో పెద్ద లైవ్‌లన్నీ రాధికకే ఇచ్చాడు. పవిత్రకు అది బాధగానే అనిపించింది, దాచుకోలేదు. అయినా ప్రతి పొద్దున చీపురు పట్టుకుంది, ప్రతి ఆదివారం బీరువాకు తాళం వేసింది.

శ్రావణం పోయాక ఒక రోజు బెంగళూరు నుంచి పెళ్ళి చీరలకు ఒక కుటుంబం వచ్చింది. మళ్ళీ ఆదివారం వస్తాం, పవిత్రగారే చూపించాలి అన్నారు వాళ్ళు. పవిత్ర నోరు తెరిచే లోపే గంగాధర అందుకున్నాడు.

"ఆదివారం ఆమె దొరకదండీ. దేశం రాసిస్తామన్నా రాదు. ధర్మవరంలో అట్లాంటి మనిషి మా అంగట్లోనే ఉండాది. మీరు శుక్రవారం రండి."

ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో, మంచి చీర అంచు చూపించేటప్పుడు ఉండే అతిశయం ఉంది.

వాళ్ళు వెళ్ళిపోయాక రాధిక పవిత్ర కొంగు పట్టుకుని పక్కకు లాగింది.

"అక్కా, నాకు గూడా వారానికొక దినం సెలవు కావల్ల. మొన్న కదిరి గుడికి పోయి దేవుని ముందర నిలబడి గూడా ఫోన్లో రేట్లు చెప్తాంటి. మా అవ్వ సూసి ఏడ్చింది. నువ్వే అన్నతో ఒక మాట చెప్పక్కా."

"నేనెందుకు చెప్పల్ల? నోరు నీకు లేదా?" అంది పవిత్ర. "పద, నీ పక్కన నిలబడతా."

ఇద్దరూ గంగాధర గల్లా ముందుకు పోయి నిలబడ్డారు. రాధిక గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.