మూడో స్తంభం కింది గుండీ

నేను ఒక ఇత్తడి గుండీని. రైలు కంపెనీ కోటుకు బొడ్డుకు కాస్త పైన కుట్టేవాళ్ళు నన్ను. ముఖం మీద కంపెనీ అక్షరాలు, వీపు మీద తయారుచేసినవాడి పేరు, దాని కింద నలభై ఆరు అని సంవత్సరం, మధ్యలో దారం దూర్చడానికి చిన్న రింగు. మనుషులు తాము ఎప్పుడు పుట్టారో చెప్పుకోవడానికి కాగితాల వెంట తిరుగుతారు. నాకు ఆ తిప్పలు లేకుండా వీపు మీదే కొట్టి పంపారు. అందుకు కొన్నాళ్ళు మిడిసిపడ్డాను కూడా.

నా పుట్టుకలో పెద్ద విశేషమేమీ లేదు. ఇత్తడి రేకులోంచి బిళ్ళగా తెగి, అచ్చు కింద ఒక్క దెబ్బ తిని, వేలమంది తోబుట్టువులతో పెట్టెలో పడి ఓడెక్కాను. ఆ ఏడు సెప్టెంబరులో ఎర్రవాగు వంతెన కాపలాదారు పున్నయ్య ఒంటి మీదికి చేరాను. ఆ సెక్షన్‌లో కొత్త కోటు అప్పటికి అందింది అతనొక్కడికే. పాత కోటు మోచేతుల దగ్గర చిరిగిపోతే ఇన్‌స్పెక్టరు జాలిపడి ముందుగా ఇప్పించాడు. మిగతావాళ్ళకు దీపావళి తర్వాత అన్నారు.

వంతెన స్తంభాల మీద ఒక ఎర్ర గీత ఉండేది. నీళ్ళు ఆ గీత దాటితే ఎర్రజెండా ఊపి బండిని ఆపాలి. దాటని రోజుల్లో నీళ్ళ వంక చూస్తూ నిలబడాలి. పున్నయ్య ఉద్యోగం అంతే. ఏమీ జరగని చోట అంత శ్రద్ధగా నిలబడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మొదటి వారంలోనే నేను ఊడి చేతికొచ్చాను. ఇంట్లో నల్లదారం లేదు. అతని భార్య సౌభాగ్యమ్మ ఇల్లంతా వెతికి, చివరికి అయిదేళ్ళ కూతురు ఆదెమ్మ ఎర్ర లంగా అంచులోంచి బారెడు దారం లాగింది. అంచు వేలాడిపోయిందని ఆ పిల్ల ఒకటే ఏడుపు.

“కోటుకి ఎర్రదారం ఏందే? ఇన్‌స్పెట్టరు చూశాడంటే?” అన్నాడు పున్నయ్య.

“గుండీ ఎనక ఏముందో ఎవరు చూత్తారయ్యా. బండికి టైమయింది, ఎల్లు,” అని సౌభాగ్యమ్మ దారం పంటితో కొరికింది.

అక్టోబరులో తుఫాను పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం వాగు గీత దాటింది. గాలికి జెండా ఎగిరిపోయింది. అవతల బండి కూత వినబడుతోంది. పున్నయ్య కోటు విప్పి, మూడో స్తంభం దాకా పరుగెత్తి, తల మీద గిరగిరా తిప్పాడు. నేను అతని పిడికిలి పక్కనే ఉన్నాను. డ్రైవరు చూశాడు, బ్రేకు వేశాడు. ఇంజనూ రెండు పెట్టెలూ వంతెన మీదికి వచ్చేశాక వేశాడు. వెనక పెట్టెలు గట్టు మీదే ఆగిపోయాయి. స్తంభం కూలింది. కోటు గుడ్డ చిరిగింది గానీ సౌభాగ్యమ్మ దారం తెగలేదు. దాంతో సహా నేను రాళ్ళ కింద పడ్డాను.

పదకొండు శవాలు దొరికాయి. వాటిలో డ్రైవరు ఒకడు. పున్నయ్య దొరకలేదు. కాపలాదారు పరారీ అని కంపెనీ రాసుకుంది. దొరకని మనిషి పారిపోయి ఉంటాడని ఎవరో గదిలో కూర్చుని అనుకున్నారు, ఆ మాటే నిలిచిపోయింది. అక్కడ ఉన్నదాన్ని నేను. చెప్పడానికి నాకు నోరేది?

అరవై మూడేళ్ళు బురదలో ఉన్నాను. ఒళ్ళంతా పచ్చటి చిలుము పట్టింది. జబ్బు చేసిందనుకుని దిగులుపడ్డాను. అది నన్ను కాపాడుతోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కొత్త వంతెన కోసం పాత రాళ్ళు తీస్తుంటే క్రేను నడిపేవాడికి దొరికాను. తెచ్చి ఆదెమ్మ చేతిలో పెట్టాడు. ఆదెమ్మ ఊసు ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పారిపోయినోడి కూతురని పిలిపించుకుంటూనే ముసలిదైంది. రైల్వే రిటైరైనవాళ్ళు కమిటీగా కూడి వంతెన దగ్గర ఆ పదకొండుమంది పేర్లతో రాయి పెడుతుంటే, పన్నెండో పేరు కోసం వాళ్ళ గుమ్మం మూడుసార్లు ఎక్కింది. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. ఆధారం ఏదైనా తెమ్మన్నారు. వాళ్ళలో మస్తాన్‌రావు అనే పెద్దాయన స్టోర్సులో పనిచేసినవాడు. పాత యూనిఫారాల గుండీలు పోగేసి, వాటి వీపు చూసి వయసు చెప్పగలడు. సోమవారం తీసుకురమ్మన్నాడు.

ఆదివారం పొద్దున ఆదెమ్మ తలంటు పోసుకుని, చింతపండు నానేసి, ఇటుకపొడి పక్కన పెట్టుకుని పెరట్లో కూర్చుంది. నాన్న వస్తువు. పూజసామాను తోమినట్టే తోమాలనుకుంది. ముందు ముఖం తోమింది. అక్షరాలు అరిగాయి. వద్దు తల్లీ అని నేను ఎంత మొత్తుకున్నా అది ఇత్తడి లోపలే ఉండిపోయింది. తర్వాత వెనక్కి తిప్పింది. చిలుముతోపాటు తయారుచేసినవాడి పేరు పోయింది. నలభై ఆరు పోయింది. రింగులో ఏదో పీచు అడ్డం పడితే పిన్నీసుతో పీకి మురుక్కాలవలోకి విదిలించింది. పసుపు రాసి బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంది. ఇంత ప్రేమగా నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఇంతగా నన్ను ఎవరూ చెరపలేదు.

మస్తాన్‌రావు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

“ఎవరమ్మా దీన్ని తోమింది?”

“నేనే బాబూ. మకిలి వస్తువు పెద్దోళ్ళ చేతికెట్టా ఇస్తాం?”

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. ఆ కొత్త కోటు పున్నయ్యకొక్కడికే ఇచ్చినట్టు పాత పుస్తకంలో ఆయన చూసిపెట్టుకున్నాడు. స్తంభం కింద దొరికిన గుండీ మీద ఆ ఏడు కనబడితే ఇంక మాట్లాడేవాడు లేడు. ఆ సంగతి నెమ్మదిగా చెప్పాడు.

“పోనీ, రింగులో దారం ఏమన్నా కనబడిందా? చిలుము పట్టిన చోట దారం కుళ్ళదమ్మా. నూరేళ్ళయినా ఉంటది.”

“ఏదో పీచు... పిన్నీసుతో తీశా.” ఆదెమ్మ ఆగింది. “పైన పచ్చగా ఉంది. విరిగినచోట ఎర్రగా ఉంది బాబూ.”

ఆ తర్వాత అరుగు మీద కూర్చుంది. “నా లంగా దారం అది. అమ్మ లాగింది. నేను అన్నం తినకుండా ఏడిశాను.”

డెబ్బయ్యయిదేళ్ళ మస్తాన్‌రావు అప్పటికప్పుడు ఆటో మాట్లాడి ఆమెతో వచ్చాడు. పంచె ఎగ్గట్టి కాలవలో పుల్లతో వెతికాడు. ఆదెమ్మ చేతులతోనే వెతికింది. నిన్నటి నీళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

“నేను నమ్ముతున్నానమ్మా,” అన్నాడు చేతులు కడుక్కుంటూ. “కానీ చూడందాన్ని చూశానని ఎట్టా రాసిచ్చేది? దీన్ని చూసి ముప్పయ్యో ఏడుకీ యాభయ్యో ఏడుకీ మధ్యది అని మాత్రం రాయగలను. అన్నేళ్ళలో ఆ వంతెన మీద ఎంతమంది తిరిగారో.”

ఆయన అంతే రాశాడు. కమిటీ అది చదివి, పాపం అనుకుని, పదకొండు పేర్లే చెక్కించింది.

రాయి తెరిచే రోజు పొద్దున్నే ఆదెమ్మ కొట్టుకెళ్ళి ఎర్రదారం ఉండ తెచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని, సూది మూడుసార్లు తప్పి, నన్ను తన చీర కొంగుకు కుట్టుకుంది. దారం పంటితో కొరకబోయి, పళ్ళు లేక కత్తిపీటకు తగిలించి తెంపింది. జనంలో వెనక నిలబడి పేర్లన్నీ విన్నది. పదకొండోది అయ్యాక కూడా ఇంకాసేపు వింటూ నిలబడింది. కొంగులో నన్ను గట్టిగా పట్టుకుంది. చెమటకు నామీద మళ్ళీ చిలుము మొదలవుతుందని నాకు తెలుస్తోంది.

నా వయసు ఇక ఎవరూ చెప్పలేరు. రింగులోని ఈ ఎర్రదారం వయసు మాత్రం ఎవరు చూసినా చెబుతారు. ఒక్క పూట.