బల్ల కొలత

"ఇంట్లో ఉన్న బల్లను మీ జానలతో కొలిచి రాయండి" అన్నది ఆ రోజు హోంవర్కు. గుడ్డలు కత్తిరించే బల్లను కూతురు కొలిచి తొమ్మిదని రాసింది. దర్జీ పని చేసే తల్లి మిషన్ ఆపి, తన జానతో కొలిచింది. ఆరే వచ్చాయి.

"కళ్ళు ఎక్కడ పెట్టుకుని కొలిచావే?" అంటూ తొమ్మిది చెరిపి ఆరు వేసింది.

"సరిగ్గానే కొలిచానమ్మా!"

"పొద్దస్తమానం కొలతలతోనే బతుకుతున్నా. నాకే నేర్పుతావా?"

మర్నాడు ఆ ఆరు కింద టీచరు ఎర్రసిరాతో రాసి పంపింది: "ఈ జాన ఎవరిది?"

తల్లి కూతురి అరచేతిని తన అరచేతికి ఆనించి చూసింది. ఆ బుల్లి వేళ్ళు తన వేళ్ళ నడిమి కణుపుల దగ్గరే ఆగిపోయాయి. ఎవరి ఒంటి కొలత వాళ్ళకు తీసుకోనిదే ఏనాడూ కత్తెర పట్టని మనిషి ఆవిడ. ఆరును చెరిపేసింది. తొమ్మిది వెయ్యబోయి, ఆగి, పెన్సిల్ కూతురి చేతికిచ్చింది.