సన్ననడుము దూలం

సోమవారం పొద్దున్నే అనహిత్ పెట్టిన కేకకు నా కాఫీ చొక్కా మీద ఒలికింది. ఆమె మా ప్రయోగశాల ఇంజినీరు.

"నా దూలం నడుము ఎవరు పూడ్చారు?"

ఇంకెవరు, సిల్వెరియో! లాస్ ఏంజెలస్ మేడల ఉక్కు చట్రాలకు ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసిన మనిషి. నిరుటి భూకంపంలో ఆ మేడలు కూలలేదు గానీ, దూలాన్ని స్తంభానికి అతికించిన చోట్ల పగుళ్లిచ్చాయి. అప్పటినుంచి సగమైపోయాడు. అలాంటి అతుకుల మీద మేం చేస్తున్న ఈ పరీక్షలో తన అతుకు తెగితే పని మానేస్తానని మా అందరి ముందూ అనేశాడు.

"నేనే పూడ్చాను. ఎవడో తలతిక్కవాడు అతుకు పక్కనే రెండు వైపులా కొరికేసి పోయాడు. శనివారం వచ్చి బాగుచేశా. థాంక్స్ అక్కర్లేదులే అమ్మాయ్!"

"ఆ తలతిక్కదాన్ని నేనే, పెద్దాయనా! నడుము సన్నబడాలనే లెక్కకట్టి కోయించాను. బొమ్మ చూడలేదా?"

"చూశా. గీసినవాళ్లకు చెయ్యి వణికిందనుకున్నా."

నాకు నవ్వాగలేదు. ఆవిడ నన్ను కూడా కలిపి తిట్టింది.

అదృష్టం కొద్దీ ఇంకో దూలం ఉంది. దాని నడుము కోయించి తెచ్చాం. సిల్వెరియో ఆ కోత వైపు చూడకుండా, సణుక్కుంటూ అతికించాడు. తర్వాత మొత్తానికీ సున్నం కొట్టాం. ఉక్కు వంగి సాగిన చోట సున్నం రాలుతుంది.

గురువారం జాక్ నడిపింది నేనే. దూలం కొసను భూకంపంలో ఊగినట్టు పైకీ కిందికీ, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా ఊపాను. ఠప్‌మంది. సిల్వెరియో కళ్లు మూసుకున్నాడు.

"తెగిందా?"

"బోల్టు జారిందయ్యా. కళ్లు తెరువు" అన్నాను.

నడుము దగ్గర సున్నం పొరలు పొరలుగా రాలుతోంది. అక్కడ దూలం మెలికలు తిరిగింది. అతుకు మీద సున్నం మాత్రం చెక్కుచెదరలేదు.

"చూశారా, దెబ్బంతా నడుమే తింది. అతుకు దాకా రానివ్వలేదు" అంది అనహిత్.

సిల్వెరియో అతుకును వేలితో తడిమి చూశాడు.

"అయితే ఆ మేడల్లో... తప్పు నా చేతిది కాదా?"

"మీ చేతిదే అయితే మీరు అడుగుపెట్టని మేడల్లో ఎందుకు పగిలాయి? బరువంతా అతుకు మీదే పడేట్టు గీసింది మా ఇంజినీర్లమండీ."

అతనికి కోపం ముంచుకొచ్చింది.

"ఏడాదమ్మా! ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత ఇనుము వంచాలా?" అని అరుస్తూనే ఏడ్చేశాడు.